ఇది ఏ వైపు ఎముక?

జూన్ 4

వదినా,

ఇక్కడ నేనూ, నా రెండు వందల ఆరు ఎముకలూ కులాసా. అక్కడ నీవీ, అన్నయ్యవీ, అమ్మవీ కూడా ఎక్కడివక్కడే ఉన్నాయని తలుస్తాను.

ఇంత సరదాగా మొదలుపెట్టానంటే ఏదో కొంప మునిగిందని నీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. మునిగింది. ఎముకల పరీక్ష తప్పాను. రాత పరీక్ష కాదు, నోటి పరీక్ష. మా మేడమ్ బల్ల మీంచి ఒక ఎముక తీసి నా చేతిలో పెట్టి, "ఇది ఏ వైపు ఎముక?" అంది. కుడిదా ఎడమదా అని ఆవిడ ఉద్దేశం. నేను ఆవిడ మొహం చూసి కంగారులో "పై వైపు మేడమ్" అన్నాను. పక్కన నిలబడ్డ అటెండరు కూడా నవ్వాడు వదినా. వాడికి కూడా తెలుసన్నమాట!

జూలై 21న ఇంకోసారి పిలుస్తారు. అప్పుడూ తప్పితే ఫిజియోథెరపీ సీటు పోతుంది. పెట్టె సర్దుకుని వచ్చి అన్నయ్య నీళ్ళ క్యాన్ల బండి పక్కన స్టూలు వేసుకుని కూర్చోవాలి. "ఆ పిల్ల చదువుతుంది, నాదీ పూచీ" అని నువ్వు ఇంట్లో అందరితో పోట్లాడి పంపావు. అది తలుచుకుంటే అన్నం సహించటం లేదు. (అబద్ధం. రెండుసార్లు పెట్టించుకుంటున్నాను. కానీ బాధగా తింటున్నాను.)

సంగతేమిటంటే, నాకు చేత్తో తడిమితే గాని ఏదీ బుర్రకెక్కదు. ఎముకల గది సాయంత్రం ఐదింటికి మూసేస్తారు, ఒక్క ఎముకా బయటికి పోనివ్వరు. అందుకని, వదినా, నువ్వు నాకో అస్థిపంజరం కుట్టిపెట్టాలి. గుడ్డతో, దూదితో, నిజం మనిషంత. చేతులు, కాళ్ళు, మెడ కింది ఎముకలు అసలు వాటిని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి, కుడి, ఎడమ అని రాసి పంపుతున్నాను. ఛాతీ, వెన్ను, నడుం మాత్రం పుస్తకంలోంచి గీశాను, వాటికి నువ్వే ఎవరి కొలతైనా తీసుకో.

ఫోన్లు పరీక్షలయ్యేదాకా వార్డెన్ బీరువాలో ఉన్నాయి. ఉత్తరమే రాయి.

ఇంకా నిలబడే ఉన్న నీ మరదలు,
పిచ్చుక

జూన్ 9

ఏమే పిచ్చుకా,

నీ ఉత్తరం మిషన్ మీద పెట్టుకుని చదివాను. ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను, ఈ లోపల సూది విరిగింది. "పై వైపు" అన్నావా! నువ్వు నా మరదలివా, మేకపిల్లవా?

సరే, కుడతాను. పెళ్ళిళ్ళకి గౌన్లు కుట్టాను, పసిపిల్లలకి టోపీలు కుట్టాను, చచ్చినవాళ్ళకి కుట్టడం ఇదే మొదలు.

కొలతకి మీ అన్నయ్యనే పట్టుకున్నాను. దుకాణంలో కత్తిరింపుల బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి చుట్టూ సుద్దతో గీస్తుంటే ఆయనకి చక్కిలిగింతలు. "కదిలారంటే కత్తెర దిగుతుంది" అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టారు. సరిగ్గా అప్పుడే ఎదురింటి టీచరమ్మ గౌను కోసం లోపలికొచ్చింది. బల్ల మీద కదలని మనిషి, చుట్టూ సుద్దగీత, పక్కన కత్తెరతో నేను. ఆవిడ గౌను అడగలేదు, వెనక్కి తిరిగి పరుగే పరుగు. సాయంత్రానికి వీధి వీధంతా పరామర్శకి వచ్చింది. తలుపు మీ అన్నయ్యే తీశారు. ఒకావిడ ఆయన్నే పట్టుకుని "ఎలా జరిగింది నాయనా?" అని ఏడ్చింది. ఈయన "నాకూ ఇప్పుడే తెలిసిందమ్మా" అన్నారట!

ఇప్పుడు పని సంగతి. ఏ జాయింటు ఎటు వంగాలో ఒక్కటీ రాయలేదు నువ్వు. మోచెయ్యి ఒకవైపే మడవాలా? భుజం గిర్రున తిరగాలా? వెన్నులో ఆ బొత్తాల దొంతర లాంటివి ఒకదానికొకటి తగులుకోకుండా మధ్యలో ఏం పెట్టాలి? వివరంగా రాయి. నీ పూచీ పడ్డదాన్ని నేను. నువ్వు తప్పితే మీ అమ్మ నన్నేమీ అనదు, ఊరికే ఒక చూపు చూస్తుంది. ఆ చూపు కన్నా తిట్లే నయం.

వదిన

జూన్ 14

వదినా, వదినా, వదినా,

నవ్వీ నవ్వీ పక్కటెముకలు నొప్పి. అన్నయ్యకి నా సంతాపం తెలుపు.

రాసుకో. మోచెయ్యి తలుపు బందు లాంటిది, ఒకవైపే మడత. మోకాలూ ఇంచుమించు అంతే, దాని ముందు మాత్రం చిన్న చిప్ప. భుజం అంటే సాసర్లో పెట్టిన బంతి. ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, అందుకే త్వరగా జారుతుంది. తుంటి దగ్గర కూడా బంతే, కానీ అది లోతు గిన్నెలో కూర్చుంటుంది, కాబట్టి గట్టిది. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలుంటాయి. స్పాంజి పెట్టు.

కండరాలు కూడా కొన్ని ఎలాస్టిక్‌తో పెట్టగలవా? ఒక్కటి గుర్తుంచుకో. కండరానికి లాగడమే తెలుసు, తొయ్యడం రాదు. అందుకే జతలుగా ఉంటాయి. చెయ్యి మడవాలంటే ముందుది లాగుతుంది, వెనకది సడలుతుంది. చాపాలంటే వెనకది లాగాలి.

అసలు విశేషం చివరికి దాచాను. మీ దర్జీల పేరున ఒంట్లో ఒక కండరం ఉంది! ఒట్టు. తుంటి ముందంచున పుట్టి, తొడ మీదుగా ఏటవాలుగా దిగి, మోకాలు లోపలి పక్కన అతుక్కుంటుంది. ఒంట్లో అన్నిటికన్నా పొడుగైనది అదే. కాలు మీద కాలు మడిచి కూర్చోవడానికి అది సాయపడుతుంది. పూర్వం దర్జీలు అలా కూర్చుని కుట్టేవాళ్ళు కదా, అందుకని ఆ పేరు. మేడమ్ క్లాసులో చెప్పగానే నేను చప్పట్లు కొట్టాను. నన్ను బయట నిలబెట్టారు.

బయట నిలబడ్డ పిచ్చుక

జూన్ 24

పిచ్చుకా,

పార్సిలు పంపాను. దానితో పాటే ఈ ఉత్తరం.

ముందు మా కండరం సంగతి. చదవగానే తలుపు దగ్గరేసి, కాలు మడిచి, నువ్వు రాసిన చోటల్లా వేలు పెట్టి చూసుకున్నాను. ఉందే! బిగుసుకుంటోంది! అప్పట్నుంచి వచ్చిన ప్రతి గిరాకీకీ చెబుతున్నాను. డాక్టర్లకి కండరం ఉందా? ప్లీడర్లకి ఉందా? మీ అన్నయ్య మొహం చిన్నబుచ్చుకుని, "నీళ్ళ క్యాన్లవాళ్ళకి లేదా?" అన్నారు. వెతికి చెబుతుందిలెండి అన్నాను. లేకపోయినా ఒకటి ఉందని రాసెయ్యి, పాపం.

ఇంక నీ బొమ్మ. భుజాలకి టిచ్ బటన్లు, తుంటికి లోతు గిన్నెల్లో గుడ్డ బంతులు, మోకాళ్ళకి పాత కోటు బొత్తాలు. చేతి వేళ్ళూ కాలి వేళ్ళూ నా తరం కాదు, చేతులకి ఉన్ని గ్లవుజులు, పాదాలకి మేజోళ్ళు కుక్కేశాను. కుడి, ఎడమ చీటీలు నీ కాగితాల మీద ఉన్నట్టే ఒక్కో ఎముకకీ కుట్టాను. పక్కటెముకల్లో నువ్వో తప్పు చేశావు. కింది రెండు జతలకీ ముందు ఆనవాలే లేకుండా మధ్యలోనే వదిలేశావు. గీస్తూ నిద్రపోయావా? నేనే ముక్కలు అతికి హుక్కులు పెట్టి మూశాను. నా దుకాణం నుంచి పోయే సరుకు అలా తెరుచుకుని పోతే నాకు అప్రతిష్ట.

తల మాత్రం పట్టుబడలేదు. ఎటు కుక్కినా నవ్వుతూనే ఉంది. పోనీలే, ఆ గదిలో ఒక నవ్వు మొహం ఉంటే మంచిదే.

వదిన

జూలై 3

వదినా!

వచ్చాడు! మహారాజులా వచ్చాడు! పార్సిలు చిరిగి ఒక మేజోడు బయటికి వేలాడుతూ వచ్చాడు. వాచ్‌మన్ ఆ కాలు చూసి పుస్తకంలో "ఒక మనిషి" అని రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. వార్డెన్ పరుగున వచ్చి విప్పింది. ఆవిడ ఇదివరకు నర్సు. కటి ఎముక మీద జాన పెట్టి కొలిచి, "ఇరుకుగా ఉంది, ఇది మగవాడిది. ఆడపిల్లల హాస్టల్లో ఉండటానికి వీల్లేదు" అంది. నిజమే, ఆడవాళ్ళకి అక్కడ వెడల్పు. నేను అప్పటికప్పుడు కుట్లు విప్పి, రెండు వైపులా గుడ్డముక్కలు వేసి వెడల్పు చేశాక గాని మెట్లు ఎక్కనివ్వలేదు. ఇప్పుడు నీ బొమ్మ మా గదిలో మూడో మనిషి. ఆవిడ్ని మేం "నవ్వులక్క" అంటున్నాం.

నీ హుక్కులు కూడా విప్పాను, ఏమనుకోకు. కింది రెండు జతల పక్కటెముకలకి నిజంగానే ముందు అతుకు ఉండదు. దేవుడు ఆ గౌను అలాగే వదిలేశాడు.

ఒక చిన్న దెబ్బ తగిలింది. మొన్న క్లాసు పరీక్షలో "మనిషికి ఎడమ భుజం కుడి భుజం కంటే వేలెడు కిందికి ఉండును" అని రాశాను. సున్నా వేసి పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టారు. గదికొచ్చి నవ్వులక్కని గోడకి నిలబెట్టి చూశాను. అవును, ఎడమ భుజం కిందికే ఉంది. వదినా, నిజం చెప్పు, అది అన్నయ్య భుజమేనా?

అయినా ఏం పర్వాలేదు. పొద్దున్నే లేచి, కళ్ళకి తువ్వాలు కట్టుకుని, ఎముకలన్నీ ఊడదీసి మంచం మీద కుప్ప పోసి ఒక్కోటీ తడిమి "ఇది కుడి, ఇది ఎడమ" అని చెబుతున్నాను. చీటీలు చూసి రూమ్మేట్ మార్కులు వేస్తోంది. మొదటిరోజు సగం తప్పులు. నిన్న ఒకే ఒక్కటి. నాకు వస్తోంది వదినా! జన్మలో మొదటిసారి నాకు ఒకటి వస్తోంది!

గాల్లో తేలుతున్న పిచ్చుక

జూలై 13

పిచ్చుకా,

ఇది చదవగానే ఆ బొమ్మని ముట్టుకోకు. చెయ్యి తియ్యి. ఇప్పుడే.

భుజం సంగతా? అవును, మీ అన్నయ్యదే. క్యాన్లు మోసి మోసి ఆయనకి ఆ భుజం అలా దిగిపోయింది. పదేళ్ళుగా ఆయన చొక్కాలు అలాగే కత్తిరిస్తున్నాను, అలవాటున దీనికీ కత్తిరించాను. అది చిన్న తప్పు. పెద్దది ఇంకోటి ఉంది.

నిన్న ఒక పిల్లాడి చొక్కా జేబు మీదకి గుడ్డతో బాతు కుట్టాను. బాతు కుడివైపు చూడాలి. కుట్టి తిరగేస్తే ఎడమవైపు చూస్తోంది. పిల్లాడు గోల. నేను నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే నీ బొమ్మ గుర్తొచ్చింది.

మేం గుడ్డ వెనక వైపునే గీస్తాం కదా. గీసిన గీత మీద కుట్టి, లోపలిది బయటికి తిరగేస్తాం. గౌను చేతులకైతే ఫరవాలేదు, రెండూ ఉంటాయి గనక ఒకటి అటు పోతే ఇంకోటి ఇటు వస్తుంది. నీ ఎముకలూ అలాగే గీశాను. నీ కాగితాలు పెట్టి, వెనక వైపున. తిరగేశాను. చీటీలు మాత్రం కాగితం మీద ఉన్నవే కుట్టాను. అంటే నేను "కుడి" అని చీటీ కుట్టిన ప్రతి చేతి ఎముకా, కాలి ఎముకా, మెడ కింది ఎముకా ఎడమదే. అన్నీ తలకిందులే.

నేనే నిన్ను ముంచానే. మీ అమ్మకి చెప్పాను. చూస్తుందనుకున్నాను, చూడలేదు. పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది, దాంతో ఇంకా ఏడుపొచ్చింది. హాస్టలుకి ఫోను చేస్తే మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తరు.

నీ పాపిష్టి వదిన

జూలై 14

వదినా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. గౌన్ల పని ఎక్కువగా ఉందేమో. ఏం పర్వాలేదు, నీకో శుభవార్త. మూడు రోజులుగా ఒక్క తప్పూ లేదు! కళ్ళు కట్టుకున్నా, చెయ్యి వెనక్కి పెట్టుకున్నా, నిద్రలో లేపినా సరే. రూమ్మేట్ పరీక్షించడానికి నిజంగానే తెల్లవారుజామున లేపి మెడ కింది ఎముక చేతిలో పెట్టింది. "కుడి" అని చెప్పి మళ్ళీ పడుకున్నానట. ఈసారి మేడమ్ అడగడమే ఆలస్యం.

నీ చేతులకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మహాపండితురాలు పిచ్చుక

జూలై 18

పిచ్చుకా,

నీ శుభవార్త అందింది. గుండె ఆగింది. పదమూడో తారీకు నా ఉత్తరం చదివావా, లేదా? నీకు ఎంత బాగా వస్తే అంత ప్రమాదమే! మీ అన్నయ్య క్యాన్లు వదిలేసి రేపు బస్సెక్కుతున్నారు.

వదిన

జూలై 21, సాయంత్రం

వదినా,

కూర్చుని చదువు. కూర్చున్నావా? సరే.

నీ పదమూడో తారీకు ఉత్తరం వార్డెన్ బల్ల మీద కరెంటు బిల్లుల కింద పడుకుని, ఇవాళ పొద్దున దొరికింది. పరీక్ష గది బయట వరసలో నిలబడి విప్పాను. అన్నయ్య నిన్ననే వచ్చాడట గాని, వాచ్‌మన్ "పోయినసారి ఒక మనిషిని లోపలికి పంపి నేను తిట్లు తిన్నాను" అని గేటు దాటనివ్వలేదు. చీటీ ఇచ్చి పోయాడు, అదీ ఇవాళే అందింది. అందులో ఏముందో తెలుసా? "కంగారు పడకు. అన్నీ తిరగేసి చెప్పు." అంతే!

తిరగెయ్యడం మొదలుపెట్టాను. నా కుడి ఎడమ, నా ఎడమ కుడి. రెండు నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత నేను తిరగేసినది తిరగెయ్యక ముందుదా, తిరగేశాక వచ్చినదా అన్నది పోయింది. తిన్నగా నడవడానికి ఏ కాలు ముందు వెయ్యాలో తెలియలేదు. అప్పుడే నా పేరు పిలిచారు.

అదే బల్ల. అదే అటెండరు. మేడమ్ ఒక ఎముక తీసి నా చేతిలో పెట్టింది. మెడ కిందిది. "ఇది ఏ వైపు ఎముక?"

నా వేళ్ళు "కుడి" అన్నాయి. నీ ఉత్తరం "ఎడమ" అంది. అన్నయ్య చీటీ "తిరగెయ్యి" అంది. నా మొహం ఎలా ఉందో గాని, మేడమ్ "త్వరగా" అంది. నా మెడ మీదే పెట్టుకుని చూద్దామంటే గొంతుదాకా బొత్తాలున్న తెల్లకోటు. ఆవిడ బక్కమనిషి వదినా. మెడ కింద ఆ రెండు ఎముకలూ గీసినట్టు కనిపిస్తున్నాయి. చూస్తూ ఉండిపోయాను. నాకేం పూనిందో తెలియదు, "మేడమ్, మీ మెడ ఒక్కసారి ఇస్తారా?" అన్నాను.

అటెండరు ట్రే కింద పడేశాడు. మేడమ్ ఎంత ఆశ్చర్యపోయిందంటే, "తీసుకో" అంది.

వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. ముందు కుడి భుజం మీద పెట్టాను, నువ్వు కొలతకి గుడ్డ పెట్టి చూసినట్టు. లావు కొస గొంతు వైపు, చదును కొస భుజం వైపు, నున్నటి పక్క పైకి. కుదర్లేదు. ఆవిడ ఎముక గొంతు దగ్గర ముందుకి ఉబ్బి ఉంటే, నా చేతిలోది వెనక్కి ఉబ్బింది. ఎడమ భుజం మీద పెట్టాను. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. "ఎడమ మేడమ్!" అని అరిచాను. "ఎడమ! ఎడమ! మీకు సరిపోయింది!"

తర్వాత తొడ ఎముక ఇస్తే నా తొడ మీదే పెట్టి చెప్పాను. మోచెయ్యి ఎవరు చాపుతారని అడిగితే, కండరం తొయ్యదు మేడమ్, వెనకది లాగుతుంది అన్నాను. బట్టీ పట్టింది చెబుతున్నట్టు కాకుండా, ఎవరో మన వీధివాళ్ళ సంగతి చెబుతున్నట్టు వచ్చేసింది.

చివరికి మేడమ్ కాలరు సర్దుకుని, "ఇరవై ఏళ్ళుగా ఈ బల్ల ముందు కుర్రాళ్ళంతా బొమ్మా బొరుసా వేసినట్టు కుడి, ఎడమ అంటున్నారు. మనిషి మీద పెట్టి చూసుకుంది నువ్వే" అంది. నవ్వింది వదినా. ఆవిడకి పళ్ళున్నాయి!

సాయంత్రం బోర్డు మీద నా పేరు పెట్టారు. పాస్. పాస్! ఒకటికి నాలుగుసార్లు తడిమి చూశాను, నిజంగానే ఉంది.

ఇంకోమాట. నువ్వు సరిగ్గా కుట్టి ఉంటే, నేను లోపలికెళ్ళి చిలకలా "ఎడమ" అని చెప్పి వచ్చేసేదాన్ని. బహుశా పాసయ్యేదాన్ని కూడా. కానీ ఎదురుగా ఉన్న మనిషిని చూసేదాన్ని కాదు. కాబట్టి పాపిష్టి గీపిష్టి అని ఇంకోసారి రాశావంటే ఊరుకోను. నాకు అమ్మ ఎంతో నువ్వూ అంతే. ఎప్పుడూ చెప్పలేదు గాని, ఇవాళ నాకు సిగ్గు లేదు.

సీటు నిలబెట్టుకున్న
నీ పిచ్చుక

జూలై 26

మా ఇంటి ఫిజియోథెరపిస్టుకి,

నీ ఉత్తరం వచ్చేసరికి ఎదురింటి టీచరమ్మ గౌను కింది అంచుకి గుండుసూదులు పెడుతున్నాను. "కూర్చుని చదువు" అన్నావు. నిలబడి చదివాను, నా తప్పే. "పాస్" అన్న చోటికి రాగానే ఏం చేశానో నాకే తెలియదు. టీచరమ్మ చెప్పడం ప్రకారం, స్టూలు ఎక్కాను, అరిచాను, గాల్లోకి ఎగిరాను. ఆవిడ మళ్ళీ పారిపోయింది, ఈసారి గుండుసూదులతో సహా. మీ అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి "ఎవరు పోయారు?" అంది. "ఎవరూ పోలేదు అత్తయ్యా, ఉంది, సీటు ఉంది" అని ఆవిడ్ని పట్టుకుని గిర్రున తిప్పాను. మీ అన్నయ్య మూడు క్యాన్లు వీధిలోనే వదిలేసి వచ్చి మాతో పాటు తిరిగారు. ఆయన చీటీ వల్లే నువ్వు పాసయ్యావని వీధంతా చెబుతున్నారు. చెప్పుకోనీ.

నాకూ అంతే పిచ్చుకా. ఈ ఇంటికి వచ్చిన రోజున నువ్వు నా కొంగు పట్టుకుని వదల్లేదు, ఆ రోజు నుంచీ నాది ఒక్క ప్రాణం కాదు. ఇన్నాళ్ళూ నీ గౌన్లు కుట్టడమే నాకు తెలుసు, ఇలా రాయడం తెలియదు.

ఒక చిక్కుంది. స్టూలు మీంచి ఎగిరాను గాని సరిగ్గా దిగలేదు. చీలమండ దగ్గర బూరెలా వాచింది, మిషన్ తొక్కలేను. టీచరమ్మ డాక్టరుని తెస్తానంది. వద్దన్నాను. మా ఇంట్లో ఒకరు చదువుకుంటున్నారు, సెలవులకి వచ్చే వారం వస్తారు అన్నాను.

దుకాణం తలుపు తీసే ఉంటుంది. రెండు కాళ్ళకీ దుప్పటి కప్పుకుని కూర్చుంటాను. ఏ కాలో మాత్రం చెప్పను. చెయ్యి పెట్టి నువ్వే చూసుకో.

నీ మొదటి పేషెంటు,
వదిన